ఉప్పునీళ్ళ నుయ్యి, తెల్ల బొబ్బర్లు

క్రిందటి ఆదివారం మా అత్తయ్యగారి జ్ఞాపకార్థ కూడిక జరిగింది. ఏలూరులో మేము వెళ్ళే చర్చిలోనే, ఆరాధన అయిపోయాక. పాస్టరుగారు ప్రార్థన చేసి, పెద్ద కోడలిని కనుక నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. ముప్పై ఏళ్ళకు పైగా బళ్ళో సైన్సు చెప్పినదాన్ని, నలుగురి ముందు నిలబడి మాట్లాడటం నాకు కొత్త కాదు; అయినా మైకు దగ్గరికి వెళ్ళేసరికి, ఆవిడ మంచి మనిషి, ప్రార్థనాపరురాలు, మమ్మల్నందరినీ బాగా చూసుకున్నారు అని మూడు వాక్యాలు చెప్పి వచ్చి కూర్చున్నాను. ఆ మూడూ ఎవరి గురించైనా చెప్పగలిగే మాటలే. ఆవిడ గురించి నేను చెప్పవలసింది వేరే ఉంది. అది బొబ్బర్ల సంగతి. చర్చిలో మైకు ముందు బొబ్బర్ల గురించి ఏం చెబుతాం అనుకుని ఆగిపోయాను. ఇంటికి వచ్చాక మనసు ఒప్పుకోక ఇలా రాస్తున్నాను.

తెల్ల బొబ్బర్లంటే మన ఈడు వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. కొన్ని వైపుల అలసందలంటారు. తెల్లటి గింజ, నడుం దగ్గర చిన్న నల్ల మచ్చ. బాగా ఎండిన గింజ డబ్బాలో పోస్తుంటే గలగలమంటుంది. రాత్రి నానబోస్తే తెల్లారేసరికి రెండింతలవుతుంది, ఉడికితే వేలితో నొక్కగానే వెన్నలా నలుగుతుంది. నేను తరగతిలో మాంసకృత్తుల పాఠం చెప్పేటప్పుడు కోడిగుడ్డు తరువాత ఈ గింజనే చూపించేదాన్ని. ఇందులో ఇనుముంది, పీచుంది, కడుపులో బిడ్డ పెరగడానికి కావలసిన ఫోలిక్ యాసిడ్ ఉంది, పైన నిమ్మకాయ పిండుకుంటే ఆ ఇనుము ఒంటికి ఇంకా బాగా పడుతుంది అని చెప్పేదాన్ని. పిల్లలు రాసుకునేవాళ్ళు. ఆ పాఠం నేను పుస్తకంలో కంటే ముందు ఎక్కడ నేర్చుకున్నానో వాళ్ళకు చెప్పలేదు.

మా పుట్టిల్లు తాడేపల్లిగూడెం. నాన్న బడిపంతులు. మా వీధిలో కుళాయి ఉండేది, కాలువ నీళ్ళు వచ్చేవి, నీళ్ళ గురించి ఆలోచించవలసిన అవసరం నాకు ఎప్పుడూ రాలేదు. బీయస్సీ పరీక్షలు రాసిన ఏడాదే పెళ్ళయింది. అత్తవారిది కొల్లేటి వైపు ఊరు, గుండుగొలను దగ్గర బస్సు దిగి లోపలికి మైలు పైన నడవాలి. మావయ్యగారికి కొంచెం చేను, సరస్సులో వల వేసుకునే హక్కూ ఉండేవి. మా ఆయన ఏలూరులో ఒక ఆఫీసులో గుమాస్తా, రోజూ భీమడోలు వెళ్ళి రైలెక్కేవారు. ఇంటి వెనక ఒక నుయ్యి. ఆ నీళ్ళు ఉప్పన. అంట్లకూ బట్టలకూ స్నానాలకూ అవే. తాగడానికి ఊరి చివర చెరువు నుంచి బిందెలతో తెచ్చుకునేవాళ్ళం. సబ్బు ఎంత రుద్దినా నురగ రాని ఆ నూతి నీళ్ళ దగ్గర నేను రోజూ విసుక్కునేదాన్ని కాని, పరీక్షలో పేజీ నిండా రాసి మార్కులు తెచ్చుకున్న కఠిన జలం పాఠం ఇదేనని ఒక్కసారీ తట్టలేదు.

మొదటి కాన్పు నిలవలేదు. ఏడో నెలలో పోయింది. దాని గురించి ఇంతకంటే రాయను. రెండోసారి నెల తప్పినప్పుడు అత్తయ్యగారు నన్ను ఏలూరు ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. డాక్టరమ్మ కనురెప్పలు కిందికి లాగి చూసి, రక్త పరీక్ష కాగితం చూసి, ఈసారి కూడా ఇలాగే ఉంటే బిడ్డకే కాదు, ఈ అమ్మాయికీ కష్టమని అత్తయ్యగారితో చెప్పింది. మాత్రలు ఇచ్చింది. గుడ్లు, ఆకుకూరలు, కార్జం, చేపలు, పప్పుధాన్యాలు ఏది ఇమిడితే అది పెట్టమంది.  తిరుగు బస్సులో ఆవిడ నా చేతి సంచి కూడా తనే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

ఏదీ ఇమడలేదు. కొల్లేటి ఇంట్లో చేప వాసన లేని మూల ఉండదు. నాకు ఆ వాసన తగిలితే చాలు, తిన్నదంతా బయటికి వచ్చేసేది. గుడ్డు అంతే, కార్జం అంతకంటే అన్యాయం. ఒకరోజు పక్కింటి పిన్నిగారు, మా అత్తయ్యగారికి వరుసకు చెల్లెలు, దోసెడు బొబ్బర్ల గుగ్గిళ్ళు తెచ్చి పెడితే నిమ్మకాయ పిండుకుని తిన్నాను. అవి నిలిచాయి. ఆ మరునాటి నుంచి మా ఇంట్లో నాకు బొబ్బర్లే. ఒకపూట గుగ్గిళ్ళు, ఒకపూట ములగాకు వేసి కూర, ఇంకోపూట ఉడికించిన నీళ్ళతో చారు. అత్తయ్యగారు చింతపండు గాని ఉప్పు గాని గింజ మెత్తబడ్డాకే వేసేవారు. ప్రతిసారీ ఒక గింజ తీసి వేళ్ళ మధ్య నలిపి చూసి గాని నా కంచంలో పెట్టేవారు కాదు.

మొదటి వారం నాకు బాగానే ఉంది. రెండో నెలకు విసుగొచ్చింది. కడుపుతో అయిదో నెల వచ్చేసరికి వికారం తగ్గిపోయింది; ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు, ఎవరైనా అడుగుతారేమోనని చూశాను. ఎవరూ అడగలేదు. ఇంట్లో చేప వాసన రావడం మానేసిందని కూడా నేను గమనించలేదు. ఉన్న వాసన తెలుస్తుంది కాని, లేని వాసన ఎవరికి తెలుస్తుంది? నాకు కనిపించింది మాత్రం ఒకటే. మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే పక్కింటి అరుగు మీద మావయ్యగారూ, సెలవు రోజైతే మా ఆయనా కూర్చుని పిన్నిగారు వడ్డిస్తుంటే కొరమేను పులుసు తింటున్నారు. నన్ను ఎవరూ పిలవరు. నా కంచంలో గింజలు. అత్తయ్యగారు అందరి భోజనాలూ అయ్యాక వంటింట్లో తలుపు ఓరగా వేసుకుని తినేవారు కనుక, ఆవిడ ఏం తింటున్నారో నాకు తెలియదు. చేపలే అనుకున్నాను.

ఆ ఏడు గుడ్‌ఫ్రైడే ఎండలు ముదిరాక వచ్చింది. మా ఊరి చర్చిలో ఒక అలవాటుండేది. మూడు గంటలకు ఆరాధన ముగిశాక, ఉపవాసం ఉన్నవాళ్ళందరికీ ఒక ఇంటివాళ్ళు గుగ్గిళ్ళూ మజ్జిగా తెచ్చి పెట్టేవాళ్ళు. ఇళ్ళవారీగా వంతు. ఆ ఏడు వంతు మాది. అత్తయ్యగారు ముందురోజు రాత్రి పెద్ద గుండిగలో బొబ్బర్లు నానబోసి, పొద్దున్నే చర్చి కడగడానికి వెళ్తూ, తను వచ్చి పొయ్యి వెలిగిస్తాననీ, నన్ను ఏమీ ముట్టుకోవద్దనీ చెప్పి వెళ్ళారు. నాకు ఆ మాట గుచ్చుకుంది. గింజలు ఉడికించడం కూడా చేతకాని దానిననుకుంటున్నారా అనిపించింది. ఆవిడ వచ్చేలోగా వండేసి చూపించాలనుకున్నాను.

వంటింటి మూల మూతపెట్టిన రెండు బిందెలున్నాయి. వేసవిలో కాలువలకు నీళ్ళు కట్టేసే రోజులు, చెరువు అడుగంటింది, తాగే నీళ్ళకు ఎంత ఇబ్బందో నాకు తెలుసు. అంత గుండిగకు తాగే నీళ్ళు పోయడం దుబారా అనుకుని, నూతి నీళ్ళు తోడి పోశాను. రుచి బాగా పట్టాలని ఉప్పు కూడా ముందే వేసేశాను. రెండు గంటలు మండించాను. కొబ్బరి మట్టలు అయిపోతే సరుగుడు పుల్లలు వేశాను. గింజ పైతోలు విచ్చుతోంది గాని లోపల బిరుసు పోవడం లేదు. అత్తయ్యగారు వచ్చేసరికి చర్చికి వేళయింది. ఆవిడ గుండిగలోకి చూశారు, ఒక గింజ తీసి నలిపారు, నూతి చేద వైపు ఒకసారి చూశారు. పోపు పెట్టి, కొబ్బరి కోరు ఎక్కువగా చల్లి, పైన గుడ్డ కప్పారు.

ఆ సాయంత్రం చర్చి గుమ్మంలో అందరూ ఆకుల్లో గుగ్గిళ్ళు పెట్టించుకుని కూర్చున్నారు. కాసేపు కటకటమని శబ్దం తప్ప మాటల్లేవు. ముందుగా పిన్నిగారే నోరు విప్పారు.

"ఏమ్మా కోడలుపిల్లా, బీయస్సీ గుగ్గిళ్ళా ఇవి? పళ్ళున్నోళ్ళు పాసు, లేనోళ్ళు ఫెయిలూనా?"

అందరూ నవ్వారు. ఒక ముసలాయన నోట్లోంచి గింజ తీసి అరచేతిలో పెట్టుకుని, దీన్ని వరుసగా మూడు రోజులు నానబెడితే ఈస్టరు నాటికి తినొచ్చండీ అన్నాడు. ఇంకా నవ్వారు. నాకు అక్కడి నుంచి లేచి ఎటైనా పోవాలనిపించింది. అప్పుడు అత్తయ్యగారు మజ్జిగ పోస్తున్నదల్లా ఆగి,

"పిల్లనేం అనకండే. గింజ పాతది. సంతలో మోసపోయింది నేను" అన్నారు.

నవ్వులు ఆవిడ మీదికి మళ్ళాయి. ఇంత కాపురం చేసి గింజ చూసుకోలేవా అక్కా అని పిన్నిగారు దెప్పారు. ఆవిడ తల ఊపి అవునవును అంటూ మజ్జిగ పోసుకుంటూ వెళ్ళారు.

నేను ఆ మాట నమ్మాను. ఇంతకాలానికి కూడా రాయడానికి సిగ్గుగా ఉన్నది ఇదే. నా తప్పు తన మీద వేసుకోవడానికి ఆవిడ చెప్పిన అబద్ధాన్ని నేను నిజమని పట్టుకుని, ఆవిడ మీదే వాడుకున్నాను. పాత గింజలు కనుకనే రోజూ ఇంకా చీకటుండగానే లేచి ఉడికిస్తున్నారన్నమాట అనుకున్నాను. మరునాడు నాన్నకు ఉత్తరం రాశాను. ఇక్కడ అందరికీ చేపలు, నాకు మాత్రం సంతలో చవగ్గా వచ్చిన పాత గింజలు పెడుతున్నారు, క్రిందటిసారి బిడ్డ పోయినట్టే ఈసారీ పోతుంది, నన్ను వచ్చి తీసుకువెళ్ళండి అని. పెట్టె సర్దుకుని మంచం కింద పెట్టుకున్నాను. అప్పటి రోజుల్లో అలా కాన్పుకు కాకుండా కోపం మీద వెళ్ళిన ఆడపిల్ల తిరిగి రావడం అంత తేలిక కాదని మనందరికీ తెలుసు. నాకూ తెలుసు. అయినా రాశాను.

నాన్న నాలుగో రోజున వచ్చారు. తెల్లవారుజామున పాసెంజరు రైలెక్కి భీమడోలులో దిగి, బస్సు పట్టుకుని గుండుగొలను దగ్గర దిగేసరికి అప్పుడప్పుడే తెలతెలవారుతోంది. రోడ్డు పక్క పెద్ద చెరువు గట్టు ఎక్కుతూ ఒక ఆడమనిషి చంకన ఇత్తడి బిందెతో ఎదురైంది. దగ్గరికి వచ్చాక చూస్తే మా అత్తయ్యగారు. ఆ తరువాత జరిగిందంతా నాన్న నాకు చెప్పినదే.

"అన్నయ్యగారూ, మీరా! కబురైనా లేకుండా వచ్చారేంటండీ, అంతా కులాసాయేనా?" అని ఆవిడ కంగారు పడ్డారట. నాన్న కులాసాయేనని చెప్పి, బిందె తనకు ఇమ్మంటే ఇవ్వలేదట. ఇంత దూరం నీళ్ళకు రావడమేమిటి చెల్లెమ్మగారూ, మీ ఊళ్ళో చెరువుంది కదా అని అడిగారట.

"అది బురదైపోయిందండి. తాగడానికి వడకట్టుకుని ఎలాగో సరిపెడుతున్నాం. మీ అమ్మాయికి గింజలు ఉడకాలి కదండీ. మా నుయ్యి ఉప్పు, ఆ నీళ్ళల్లో రాయి ఉడికినా గింజ ఉడకదండి. ఆ పిల్లకి ఇమిడేది అదొక్కటే. ఈ చెరువు నీళ్ళైతే ఒక్క పొంగుకే మెత్తబడతాయి."

ఎన్నాళ్ళ నుంచి వస్తున్నారని నాన్న అడిగితే, ఎండలు ముదిరిన కాడి నుంచీ అని చెప్పి, అమ్మాయితో అనకండి, తెలిస్తే మొహమాటానికి తినడం మానేస్తుంది అన్నారట. ఆ మైలు దూరం ఆవిడ బిందెతో ముందు, నా ఉత్తరం జేబులో పెట్టుకుని నాన్న వెనక.

మధ్యాహ్నం నాన్నకు పక్కింటి అరుగు మీద చేపల పులుసుతో భోజనం పెట్టారు. ఇంట్లో ఎందుకు వడ్డించలేదని అడిగారో, పిన్నిగారే చెప్పారో నాకు తెలియదు. తరువాత ఆయన చేతులు కడుక్కోవడానికి మా పెరట్లోకి వచ్చి, వంటింటి తలుపు సందులోంచి అత్తయ్యగారి కంచం చూశారు. సాయంత్రం నేను పెట్టె బయటికి తీసి గుమ్మంలో పెడితే, నాన్న దాన్ని మళ్ళీ లోపలికి తీసుకువెళ్ళి మంచం కింద పెట్టి, నా పక్కన కూర్చున్నారు.

"ఆవిడ కంచంలో ఏముందో ఎప్పుడైనా చూశావా అమ్మా?" అన్నారు.

చూడలేదన్నాను.

"నీ గింజలు ఉడికించిన నీళ్ళు, అన్నం. చేపలు ముట్టి మూడు నెలలైందట. వండిన చేతికి వాసనుంటే, ఆ చేత్తో వడ్డిస్తే నువ్వు తినలేవని. ఇంట్లో వండటం మానేసి మగవాళ్ళని పక్కింటికి పంపిస్తున్నారు."

తరువాత నీళ్ళ సంగతి చెప్పారు. బీయస్సీ చదివించాను గదా అమ్మా, నుయ్యి చూసి నీకైనా తెలియలేదా అన్నారు. అంతకుమించి తిట్టలేదు. ఉత్తరం సంగతి వియ్యాలవారితో ఒక్క ముక్కా అనలేదు. పిల్లను చూసి పోదామని వచ్చానని చెప్పి, ఆ రాత్రి ఉండి, పొద్దున్నే బస్సుకు వెళ్ళిపోయారు. ఆ ఉత్తరం ఏం చేశారో నేను అడగలేదు.

మరునాడు తెల్లవారకముందే లేచి, వికారం తగ్గిపోయిందండీ, చేపలు తింటాను, మీరూ తినండి అని ఆవిడతో చెప్పాను. ఆవిడ నా మొహం కాసేపు చూసి, అయితే చిన్న చేపలతో మొదలుపెడదాంలే అన్నారు. గింజలు మాత్రం మాననివ్వలేదు. బిందె కూడా మానలేదు; నేను ఎంత చెప్పినా కాలువలకు నీళ్ళు వదిలేదాకా వెళ్ళారు. ఆ తరువాత రక్త పరీక్షలో డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చూసి నవ్వింది. వానాకాలంలో మా అమ్మాయి పుట్టింది. పుట్టగానే గట్టిగా ఏడ్చింది. బొబ్బర్లే మమ్మల్ని బతికించాయని నేను అనను. మాత్రలున్నాయి, డాక్టరమ్మ ఉంది, దేవుడున్నాడు. కాని కడుపులో ఏదీ నిలవని రోజుల్లో నిలిచింది ఆ గింజ. అది మెత్తగా ఉడకడానికి ఎంత నడక పట్టిందో ఆ రోజు నుంచి నాకు తెలుసు.

తరువాత మేము ఏలూరు వచ్చేశాం. నాకు బళ్ళో ఉద్యోగం వచ్చింది. కఠిన జలం పాఠం వచ్చినప్పుడల్లా రెండు గ్లాసుల్లో బొబ్బర్లు పెట్టి చూపించేదాన్ని, ఒకటి ఉప్పు నూతి నీళ్ళలో ఉడికించినవి, ఒకటి మంచినీళ్ళలో. పిల్లలు నలిపి చూసి నవ్వేవాళ్ళు. ఊళ్ళో చేలు చేపల చెరువులయ్యాయి. రోడ్డు పక్క ఆ పెద్ద చెరువు నీళ్ళు ఇప్పుడు ఎవరూ తాగరు. మోటారు సైకిళ్ళ మీద నీళ్ళ క్యాన్లు వేసుకుని ఇంటింటికీ తిరుగుతారు.

చివరి రెండేళ్ళు అత్తయ్యగారు మా దగ్గరే ఉన్నారు. పళ్ళన్నీ పోయాయి, చూపు బాగా తగ్గింది. ఏం తింటారండీ అంటే బొబ్బర్లు అనేవారు. కుక్కర్లో నాలుగు కూతలు రానిచ్చి, మెత్తగా మెదిపి, నిమ్మకాయ పిండి, చెంచాతో నోట్లో పెట్టేదాన్ని. ప్రతిసారీ ఏ నీళ్ళమ్మా అని అడిగేవారు. క్యాను నీళ్ళంటే ఆవిడకు నచ్చదు, మిషను నీళ్ళకు రుచి లేదంటారు. అందుకని, మీ చెరువు నీళ్ళేనండీ, మీ మనవరాలు కార్లో తెచ్చింది అని చెప్పేదాన్ని. ఒకరోజు రెండు చెంచాలు తిన్నాక ఆవిడ నవ్వారు.

"నీకు అబద్ధం చెప్పడం చేతకాదమ్మాయ్. అయినా మెత్తగా ఉడికినాయిలే. ఆ ఏడు గుగ్గిళ్ళ కంటే నయం."

"అవి పాత గింజలు కదండీ" అన్నాను.

"కొత్తవే" అన్నారు.

"తెలుసండీ" అన్నాను.

ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. ఉత్తరం గురించి చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. నోటిదాకా వచ్చింది. ఆవిడ మళ్ళీ నోరు తెరిచారు, నేను ఇంకో చెంచా పెట్టాను. అంతే, చెప్పలేదు. ఇదుగో, ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

కూడిక అయ్యాక భోజనాల్లో నేను పట్టుబట్టి బొబ్బర్ల గుగ్గిళ్ళు చేయించాను, కాదు, నేనే చేశాను. వంటవాళ్ళను ఆ పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. క్యాను నీళ్ళు పోసి, ఉప్పు చివర్న వేసి, ఒక్కొక్క గింజా నలిపి చూసి దించాను. ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా ఆ నీళ్ళే కనుక, నాలాంటి తెలివితక్కువ కోడలు వండినా గింజ ఉడక్క మానదు. అది మంచిదే, నేను కాదనను. మంచినీళ్ళ కోసం ఏ అత్తగారూ మైలు దూరం నడవనక్కరలేదు. కాని ఒకరి కోసం ఒకరు ఏం చేశారో తెలిసే దారి కూడా ఆ నడకతోనే పోయిందేమో అనిపిస్తుంది.

పెద్దవాళ్ళందరూ మెచ్చుకుంటూ తిన్నారు. తొంభై దాటిన పిన్నిగారిని కూడా మనవలు కుర్చీతో సహా ఎత్తుకొచ్చారు. పళ్ళు లేని ఆవిడా మెల్లగా చప్పరిస్తూ ఆకు ఖాళీ చేశారు. నేను ఆవిడ ఎదురుగా మజ్జిగ గిన్నె పట్టుకుని కాసేపు నిలబడ్డాను. ఈ గుగ్గిళ్ళు ఎవరు చేశారని అడుగుతారేమో, ఏదైనా ఒక ఎత్తిపొడుపు మాట అంటారేమో అని చూశాను. ఆవిడ ఏమీ అనలేదు. అని ఉంటే మాత్రం, గింజ పాతదే అని నా తరఫున చెప్పే మనిషి ఇక లేదు.